అంకె ఇచ్చారు సరే, ముఖం ఎవరిచ్చారు?

2024 మే నెలాఖరున అమెరికా బేస్‌బాల్ పెద్దలు ఒక ప్రకటన చేశారు. 1920 నుంచి 1948 దాకా నల్లజాతి ఆటగాళ్ళు విడిగా ఆడిన నీగ్రో లీగుల లెక్కలను ఇకమీదట తమ అసలు లెక్కల్లో కలిపేస్తున్నామని. ఆ కలపడంతో జీవితకాలపు బ్యాటింగు సగటులో తరాలపాటు మొదటి పీట మీద కూర్చున్న టై కాబ్ రెండో పీటకు జరిగాడు. జాష్ గిబ్సన్ మొదటివాడయ్యాడు. కాబ్‌కు వెయ్యికి 367, గిబ్సన్‌కు వెయ్యికి 372.

ఆ వార్త నాకు చెప్పిన మిత్రుడు చాలా సంతోషంగా, "చూశావా, ఆలస్యమైతేనేం, న్యాయం జరిగింది. ఇక నీ అభిమానుల బొమ్మల గోల కట్టిపెట్టు" అన్నాడు. మరుగున పడిన ఆటగాళ్ళ కోసం మామూలు అభిమానులు గీసిన బొమ్మల గురించి నేను దొరికినవాళ్ళందరికీ చెప్తుంటాను. అందుకని ఆ ఎత్తిపొడుపు. అతనికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. నా జవాబు ఒక్కటే. న్యాయం చేశామని చెప్పుకుంటున్నవాళ్ళు చేసింది ఆఖరి సంతకం మాత్రమే. పని చేసింది వేరేవాళ్ళు. ఆ వేరేవాళ్ళలో బొమ్మలు గీసినవాళ్ళు ముందు వరసలో ఉన్నారు.

మొదట గిబ్సన్ సంగతే చూడండి. వికెట్ల వెనక కీపరు ఉన్నట్టు బేస్‌బాల్‌లో బ్యాటరు వెనక క్యాచర్ ఉంటాడు. గిబ్సన్ క్యాచర్, పైగా బంతిని ఆవలి గోడ దాటించడంలో అతనికి సాటి వచ్చినవాళ్ళు తక్కువ. ఒంటి రంగు నల్లన. అంతే, పెద్ద లీగు గుమ్మం తొక్కనివ్వలేదు. 1947 జనవరిలో, 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలలైనా తిరక్కుండానే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ ఆ గుమ్మం దాటాడు. 1972లో గిబ్సన్ పేరుతో కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో కంచు ఫలకం పెట్టారు. అప్పటికి పిట్స్‌బర్గ్‌లో అతని సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదు. అది 1975లో గానీ రాలేదు. కంచు ఫలకానికి మూడేళ్ళ తర్వాత రాతిపలక! చచ్చినవాడి కళ్ళు చారెడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ ఆ చారెడు కళ్ళను పొగిడినవాళ్ళు ఆ మనిషి పడుకున్నచోటు ఎక్కడో చూసుకోను కూడా లేదు.

మరి ఆ 372 ఎక్కడినుంచి వచ్చింది? పెద్ద లీగు బీరువాలోంచి రాలేదు. అందులో ఆ కాగితాలే లేవు. పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికల పాత సంచికల్లో అచ్చయిన స్కోరు పట్టీలను ఒక్కొక్కటే వెతికి, రాసుకుని, సరిచూసుకుని, కూడికలు వేసినవాళ్ళు ఆటమీద మమకారంతో పనిచేసిన పరిశోధకులు. చాలామందికి అది జీతమిచ్చే ఉద్యోగం కాదు. రాబర్ట్ పీటర్సన్ అనే పత్రికా రచయిత ఆ లీగుల చరిత్రను పుస్తకంగా తెచ్చింది 1970లో. పెద్దలు ఆ లీగులను పెద్ద లీగులుగా ఒప్పుకున్నది 2020 డిసెంబరులో. మధ్యలో యాభై ఏళ్ళు. ఈ యాభై ఏళ్ళూ ఆ దీపానికి చమురు పోసిందెవరని నా మిత్రుణ్ణి అడుగుతున్నాను.

అంకెల సంగతి అలా ఉంచి ముఖాల సంగతికి వద్దాం. అమెరికాలో బేస్‌బాల్ కార్డు అంటే అరచేతిలో పట్టే అట్టముక్క. ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతని వివరాలు. ఒకప్పుడు సిగరెట్టు పెట్టెల్లో వచ్చేవి, తర్వాత బబుల్‌గమ్‌తో వచ్చాయి. మనలో కొందరం చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ బొమ్మల కోసం కొట్లాడుకున్నవాళ్ళమే కాబట్టి ఆ రుచి మనకు కొత్త కాదు. అక్కడి పిల్లాడికి ఆటగాడు ఉన్నాడనడానికి సాక్ష్యం ఆ కార్డే. కార్డు ఉంటే జేబులో ఉంటాడు. లేకపోతే లేడు. నీగ్రో లీగుల ఆటగాళ్ళలో అత్యధికులకు వాళ్ళు ఆడే రోజుల్లో అక్కడి కంపెనీలు కార్డులు వేయలేదు. వెయ్యకపోవడం కూడా ఒక తీర్పే. కాకపోతే ఎవరూ సంతకం పెట్టని తీర్పు.

1974లో రాబర్ట్ లాఫ్లిన్ అనే కార్టూనిస్టు సొంతంగా 36 కార్డులు గీసి అచ్చువేశాడు. ఆ కట్టకు పాతకాలపు నల్లజాతి తారలు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆటను నడిపే పెద్దలు ఆ లీగులను ఒప్పుకోడానికి ఇంకా 46 ఏళ్ళ వ్యవధి ఉంది. అతను వాళ్ళ ఒప్పుకోలు కోసం ఆగలేదు. ఆ దారిలోనే ఇటీవలి కాలంలో గ్యారీ సీరద్‌కౌస్కీ నడిచాడు. వృత్తిరీత్యా గ్రాఫిక్ డిజైనరు. పెద్ద లీగు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళు, జైలు జట్లలో ఆడినవాళ్ళు, పరాయి దేశాల్లో ఆడినవాళ్ళు, రంగు అడ్డొచ్చినవాళ్ళు, ఇలాంటివాళ్ళకు తనే పాతకాలపు పద్ధతిలో కార్డులు గీస్తూ పోయాడు. ఒక్కో బొమ్మకూ ఒక్కో కథ రాశాడు. 2015లో అవి పుస్తకమయ్యాయి.

"ఇదంతా కాలక్షేపం కదా" అని కొందరు అంటారు. కాలక్షేపమే. మన తాతలు సాయంత్రం అరుగుల మీద కూచుని పాత సంగతులు చెప్పుకున్నదీ కాలక్షేపమే. ఆ కాలక్షేపం ఆగిపోయిన ఇళ్ళల్లో ముత్తాత పేరు అడిగితే చెప్పేవాళ్ళు లేరు.

పైగా అంకెలు ఎంత నిక్కచ్చి అనుకున్నా, ఏ అంకెను ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చేది మళ్ళీ మనుషులే. ఒక ఉదాహరణ చెప్తాను. బేస్‌బాల్ ఆటకు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులు. ఒక్కో ఇన్నింగ్సులో ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోతుంది. అంటే ఒక పిచర్ వరసగా 27 మందిని, ఒక్కణ్ణి కూడా బేసు చేరనివ్వకుండా అవుట్ చేస్తే అది పరిపూర్ణమైన ఆట. అటువంటివి నూటయాభై ఏళ్ళ చరిత్రలో పాతిక దాకా మాత్రమే ఉన్నాయి. 1959 మే 26 రాత్రి మిల్వాకీలో పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ 27 మందిని కాదు, 36 మందిని వరసగా అవుట్ చేశాడు. పన్నెండు ఇన్నింగ్సులు. కానీ అతని జట్టు పన్నెండు హిట్లు కొట్టి కూడా ఒక్క పరుగు చెయ్యలేకపోయింది. పదమూడో ఇన్నింగ్సులో సొంత ఫీల్డరు విసిరిన బంతి తప్పిపోయి ఒకడు బేసు చేరాడు. ఆ తర్వాత జో ఆడ్‌కాక్ కొట్టిన దెబ్బతో ఆట 1-0 తేడాతో చేజారింది. 1991లో ఒక సంఘం కూర్చుని నిర్వచనం మార్చింది. ఆట ముగిసేదాకా హిట్ ఇవ్వకపోతేనే లెక్కన్నది. దాంతో హాడిక్స్ ఆట ఆ పట్టికలోంచి పోయింది. ముప్ఫై రెండేళ్ళ తర్వాత!

ఆ సంఘాన్ని నేను తప్పుపట్టను. పట్టిక అన్నాక దానికొక నియమం ఉండాలి. నేననేది, పట్టికను చూసి అదే చరిత్ర అనుకోవద్దని. ఆ రాత్రి ఏం జరిగిందో పట్టికకు అక్కర్లేదు. అవతలి పిచర్ లూ బర్డెట్ కూడా పదమూడు ఇన్నింగ్సులూ ఒంటరిగా విసిరాడు. ఇద్దరూ అలసిపోయి ఉంటారు. ముప్ఫై ఆరో మనిషి అవుటయ్యాక దిబ్బ దిగి వస్తున్నవాడి భుజాలు ఎలా ఉండి ఉంటాయో చెప్పగలిగేది బొమ్మ. నియమానికి లొంగని దాన్ని దాచుకోడానికే కదా మనిషికి బొమ్మ కావలసి వచ్చింది.

ఇంకో మనిషి. కెనిచి జెనిమురా. 1900లో హిరోషిమాలో పుట్టి, హవాయిలో పెరిగి, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో స్థిరపడినవాడు. 1942లో అమెరికా ప్రభుత్వం జపాను మూలాలున్న దాదాపు లక్షా ఇరవై వేల మందిని ఇళ్ళనుంచి లేపి నిర్బంధ శిబిరాలకు పంపింది. వాళ్ళలో ఎక్కువమంది ఆ గడ్డమీద పుట్టిన పౌరులే. జెనిమురా కుటుంబం ఆరిజోనా ఎడారిలోని గీలా రివర్ శిబిరం చేరింది. ఆయన అక్కడ కొడుకులతో కలిసి తుప్పలు కొట్టి, నేల చదును చేసి, కాలవ నీళ్ళు మళ్ళించి, 1943 కల్లా బేస్‌బాల్ మైదానం కట్టాడు. మైదానం ఆవలి హద్దుకు గోడ లేదు. ఆముదం మొక్కలు పెంచి దాన్నే గోడ చేశారు. 1945లో ఆ శిబిరం కుర్రాళ్ళ జట్టు టూసాన్ హైస్కూలు జట్టును 11-10తో ఓడించింది. ఆరిజోనా రాష్ట్రంలో విజేతగా పేరున్న జట్టది. ఈ ఆట ఏ పెద్ద లీగు లెక్కలోకీ రాదు. మనం గట్లమీద వేసుకునే ఆముదపు మొక్క అక్కడ ఖైదీల బంతులను ఆపిందన్న సంగతి చదివినప్పుడు నాకు కలిగిన భావం ఏ సగటూ కలిగించలేదు.

ఆ జ్ఞాపకాన్ని రంగుల్లో పట్టుకున్న చిత్రకారుడు కూడా ఆ శిబిరాల్లోంచి వచ్చినవాడే. బెన్ సకోగుచి 1938లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో పుట్టాడు. పసితనం పోస్టన్ అనే మరో శిబిరంలో గడిచింది. కాలిఫోర్నియా నారింజ పెట్టెల మీద ఒకప్పుడు ముచ్చటైన రంగుల లేబుళ్ళు అంటించేవారు. సకోగుచి ఆ లేబుళ్ళ రూపాన్నే తీసుకుని బేస్‌బాల్ చరిత్రను వందకు పైగా చిన్న చిత్రాలుగా వేశాడు. ఎవరి అనుమతీ లేని చరిత్ర అని దానికి పేరు పెట్టుకున్నాడు. దూరంనుంచి పళ్ళ పెట్టె మీది తీపి బొమ్మలా ఉంటుంది. దగ్గరికి వెళితే వెలివేతా, జాతి ద్వేషమూ, మోసమూ కనిపిస్తాయి. ఇలాంటి బొమ్మను ఏ సంఘమూ పురమాయించదు. తన డబ్బుతో తన గోడమీద వేలాడదీసుకోదు.

ఇక్కడ ఇంకొకరు అడ్డు తగులుతారు. "అభిమానులు కథలు అల్లేస్తారు, చరిత్ర పాడైపోతుంది" అని. అయ్యా, అల్లికల మాట మీరే ఎత్తారు కనుక అడుగుతాను. ఆ హాల్ ఆఫ్ ఫేమ్ కూపర్స్‌టౌన్‌లోనే ఎందుకుంది? 1839లో ఆ ఊళ్ళో ఆబ్నర్ డబుల్‌డే అనే ఆయన బేస్‌బాల్‌ను కనిపెట్టాడని 1907లో ఒక సంఘం తేల్చింది కనుక. ఆ తేల్చడానికి ముఖ్యాధారం ఒక ముసలాయన రాసిన ఉత్తరాలు. 1839లో డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఉన్నాడు. ఆ కథలో నిజం లేదని చరిత్రకారులు ఎప్పుడో తేల్చేశారు. అయినా 1939లో ఆ కథ పేరిటే నూరేళ్ళ పండుగ చేసి మందిరం తెరిచారు. పునాదిలోనే కట్టుకథ ఉన్నవాళ్ళు మనకు కట్టుకథల గురించి చెప్పడం బాగుండదు.

అలాగని అభిమాని గీసిందల్లా వేదమని నేననను. 1931 ఏప్రిల్ 2న చాటనూగాలో జాకీ మిచెల్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి ఒక ప్రదర్శన ఆటలో బేబ్ రూత్‌నూ లూ గెరిగ్‌నూ వరసగా అవుట్ చేసింది. ఆ ఇద్దరూ నిజంగా ఓడారా, వినోదం కోసం ఓడినట్టు నటించారా అన్న వాదం ఈనాటికీ ఉంది. ఆ ఘట్టం గీసేవాడు రూత్ ముఖంలో ఓటమి గీస్తే ఒక తీర్పు, చిరునవ్వు గీస్తే ఇంకో తీర్పు. తెలియనిచోట తెలిసినట్టు గీస్తే బొమ్మ కూడా అబద్ధాల కోరే. అయితే నిజాయితీగా గీసేవాళ్ళు ఎంత కష్టపడతారో కూడా చూడాలి. గ్రెగ్ క్రైండ్లర్ అనే చిత్రకారుడు నీగ్రో లీగుల ఆటగాళ్ళవి రెండు వందలకు పైగా ముఖచిత్రాలు తైలవర్ణాల్లో వేశాడు. ఆధారం పాత నలుపు తెలుపు ఫోటోలు. టోపీ రంగేది, చొక్కా మీద అక్షరం రంగేది అని వాకబు చేసిగానీ కుంచె ముంచడు. వేయించింది లీగు కాదు, ఆ ఆటమీద ప్రేమున్న ఒక సేకర్త. ఆ లీగులు పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా 2020లో, అవి పుట్టిన కాన్సాస్ సిటీలోనే, నీగ్రో లీగ్స్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. ఏ పెద్ద లీగూ పక్కన నిలబెట్టుకోని మనుషులు రెండు వందలమంది గోడలనుంచి తిరిగి మనకేసి చూస్తారు.

ఆ మ్యూజియానికి ఊపిరి పోసినవాళ్ళలో ఒకడు బక్ ఓనీల్. తనూ ఆ లీగుల్లో ఆడినవాడే. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ ఒక ప్రత్యేక సంఘం వేసి ఆ కాలపు వాళ్ళను 17 మందిని ఎన్నుకుంది. పదిహేడుగురూ అప్పటికే పోయినవాళ్ళు. బతికున్న ఓనీల్‌ను మాత్రం ఎన్నుకోలేదు. ఆ జూలైలో 94 ఏళ్ళ ఆ పెద్దమనిషి కూపర్స్‌టౌన్ వెళ్ళి, తనను వదిలేసిన వేదిక మీదే, పోయిన ఆ పదిహేడుగురి తరఫునా మాట్లాడి వచ్చాడు. అక్టోబరులో చనిపోయాడు. 2021 డిసెంబరులో ఎన్నుకున్నారు. మిత్రమా, నువ్వన్న "ఆలస్యమైతేనేం"కు ఇదీ ఖరీదు. చప్పట్లు వినాల్సిన చెవులు మట్టిలో కలిశాక కొట్టిన చప్పట్లు అవి.

అందుకే టెర్రీ కానన్ చేసిన పని నాకు నచ్చుతుంది. కాలిఫోర్నియాలో 1996లో ఆయన బేస్‌బాల్ రెలిక్వరీ అనే సంస్థ పెట్టాడు. గ్రంథాలయాల్లో ఆటమీద వేసిన బొమ్మలు, వింత వస్తువులు ప్రదర్శించాడు. 1999నుంచి సభ్యులైన మామూలు అభిమానుల ఓట్లతో వేరే కీర్తిమందిరం నడిపాడు. అక్కడ పరుగుల లెక్క కాదు చూసింది, ఆటమీద మనిషి వేసిన ముద్ర. మొదటి ఏడే ఎన్నికైన ముగ్గురిలో కర్ట్ ఫ్లడ్ ఒకడు. తనను సరుకులా ఒక జట్టునుంచి ఇంకో జట్టుకు మార్చడం కుదరదని 1969లో ఎదురుతిరిగి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1972లో ఓడిపోయి, ఆట జీవితం పోగొట్టుకున్నవాడు. తర్వాతి తరాల ఆటగాళ్ళు అతని పోరాటపు ఫలాన్ని తిన్నారు. 1997లో అతను పోయేదాకా కూపర్స్‌టౌన్ తలుపు తెరుచుకోలేదు. కానన్ ఒక బహుమతి కూడా పెట్టాడు, మంచి అభిమానికి. బ్రూక్లిన్ మైదానంలో ఆవుమెడ గంట మోగిస్తూ కూర్చునే హిల్డా చెస్టర్ అనే అభిమాని పేరు మీద. ఆమె ఒక్క పరుగూ చెయ్యలేదు.

"మనకెందుకయ్యా ఈ అమెరికా ఆట గొడవ" అని ఈ పత్రిక చదివేవారిలో ఎవరైనా అడిగితే, మనకే ఎక్కువ కావాలంటాను. అక్కడ రంగు పేరు చెప్పి మనుషులను నరకయాతన పెట్టారు, మన సంగతి దానితో పోల్చదగింది కాదు. అయినా రాష్ట్రం అవతల ఉండి తెలుగులో రాసేవాడికి, పాడేవాడికి, హరికథ చెప్పేవాడికి ఒక అలవాటుంది. అక్కడివాళ్ళు సాహిత్య చరిత్రలో ఒక్క పంక్తి రాస్తారని ఎదురుచూడడం. ఆ పంక్తి వస్తే పొంగిపోవడం, రాకపోతే అలగడం. ఎదురుచూపులోనే తరం దాటిపోతోంది. లాఫ్లిన్ ఎదురుచూడలేదు. కలం తీసుకుని 36 ముఖాలు గీశాడు.

ఇల్లినాయ్ రాష్ట్రంలో జెరెమీ క్రాక్ అనే మత్తు వైద్యుడున్నాడు. తమ బంధువుల ఊరివాడైన జిమ్మీ క్రచ్‌ఫీల్డ్ అనే పాత నీగ్రో లీగు ఆటగాడి గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాడు. ఆ సమాధి ఎక్కడుందో వెతికితే, రాయి లేదు. తోటి అభిమానులనుంచి చందాలు పోగుచేసి 2004లో రాయి వేయించాడు. అక్కడితో ఆగక ఇంకొకరికి, ఇంకొకరికి వేయిస్తూ పోయాడు. ఇంట్లో ముసలివాళ్ళు చెప్పిన మాటను అతను చెవిన పెట్టాడు, అంతే.

మన ఇళ్ళల్లో ఎవరైనా పోయాక దండ వెయ్యడానికి మంచి ఫోటో కోసం బీరువాలన్నీ వెతుకుతాం. చివరికి ఏ పెళ్ళి గుంపులోదో దొరికితే, దాన్ని కత్తిరించి, పెద్దది చేయిస్తాం. సగం ముఖం మసకగా ఉంటుంది. మీ ఊళ్ళో నలభై ఏళ్ళుగా తెలుగు పద్యం చెప్తున్న మాస్టారో, తిరునాళ్ళలో తోలుబొమ్మలాడించిన ముసలాయనో, ఒకప్పుడు కబడ్డీలో ఊరి పరువు నిలబెట్టిన అక్కో ఇంకా బతికే ఉంటే, ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చోండి. గీత వంకరైనా ఫరవాలేదు. వాళ్ళు చూసి, "ముక్కు నాది కాదురా" అని నవ్వగలిగేటప్పుడే గియ్యండి.